చిన్నబడి పిల్లలతో చెట్ల మధ్యకు

ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లలకు తలా ఒక కాగితమిచ్చి, "మీకు తెలిసిన చెట్టు బొమ్మ వేయండి" అన్నాను. పావుగంటలో బొమ్మలు నా చేతికొచ్చాయి. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కొండల నడుమ నుంచి పారే ఏరు, ఏటిగట్టున కొబ్బరిచెట్టు. ఇంచుమించు అన్నీ అవే! ఆ ఊళ్ళో కొబ్బరిచెట్టు లేదు. ఊరి పక్క వంకలో సంవత్సరంలో చాలా నెలలు ఇసుక తప్ప నీళ్ళుండవు. తరగతిగది కిటికీలోంచి చూస్తే రెండు తుమ్మచెట్లు, ఒక వేప, గోడవారగా జిల్లేళ్ళు, ఆవల తంగేడు పొదలున్న బీడు. వాటిలో ఒక్కటీ కాగితం మీదికి రాలేదు.

"కిటికీ బయట ఉన్నవాటిని వేయలేదేం?" అని అడిగాను. ఒక పిల్లవాడు నావంక వింతగా చూసి, "అవి కంపలు గదా సార్!" అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. పుస్తకాల్లో, క్యాలెండర్లలో, గోడల మీద వాడు చూసిన చెట్లన్నీ నీళ్ళున్న సీమల చెట్లు. కర్నూలు, కడప జిల్లాల్లో సంవత్సరానికి కురిసే వాన సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అదైనా వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి చోట ఎవరూ నీళ్ళు పోయకుండా, ఎవరూ కంచె వేయకుండా బతికే మొక్క ఎంత నేర్పరి అయివుండాలి! ఆ నేర్పు చూడాలంటే పుస్తకం మూసి బయటికి నడవాలి.

ఈ పని మీలాంటి హైస్కూలు విద్యార్థులు చక్కగా చేయగలరు. చిన్నపిల్లలు మాష్టారి మాటకన్నా అన్న మాట, అక్క మాట త్వరగా వింటారు. మీ సైన్సు మాష్టారిని, చిన్నబడి హెడ్మాస్టరుగారిని ఒప్పించండి. ఒక ఉదయం పిల్లల్ని మొక్కల దగ్గరికి తీసుకుపోండి. అయితే దానికి ముందు చేయవలసిన పని చాలా ఉంది. అది చేయకపోతే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను.

ఒకే ఒక్కసారి చేసిన తప్పు

చాలా ఏళ్ళ కిందటి మాట. డెబ్భైమంది చిన్నపిల్లల్ని బస్సెక్కించి దూరాన ఉన్న కొండలకు తీసుకుపోయాను. మార్చి నెల. బస్సు చేరేసరికి పదకొండు గంటలు. నీళ్ళు అరపూటకే అయిపోయాయి. నేను ముందు నడుస్తూ, "ఇది ఫలానా చెట్టు, అది ఫలానా చెట్టు" అని పేర్లు చదువుకుంటూ పోయాను. వెనక వరసల్లోని పిల్లలకు నా వీపు తప్ప మరేమీ కనిపించలేదు. ఒక పాప చెప్పులోంచి రేగుముల్లు దిగింది. ఇద్దరికి కళ్ళు తిరిగాయి. మర్నాడు "ఏం చూశారు?" అని అడిగితే కోతులన్నారు, బస్సన్నారు, దారిలో కొనుక్కున్న పుల్లఐసు అన్నారు. మొక్క పేరు ఒక్కరు చెప్పలేదు.

కింద మీరు చదవబోయే సలహాల్లో సగం ఆ రోజు బుద్ధి వచ్చి నేర్చుకున్నవే.

దూరం వద్దు

బడి నుంచి కిలోమీటరు లోపల ఉన్న చోటు ఎంచుకోండి. ఆరేడేళ్ళ పిల్లలు అంతకంటే ఎక్కువ నడిస్తే కాళ్ళమీదే ధ్యాస ఉంటుంది గాని కళ్ళకు పని ఉండదు. ఒక వంక, ఒక గట్టు, ఒక చేనుగట్టు, ఒక బీడు. ఇందులో ఏ రెండు దొరికినా చాలు. కర్నూలు దగ్గర సుంకేసుల వద్ద తుంగభద్రలో పుట్టి కడప దాకా వచ్చే కె.సి. కాలువ పక్క ఊళ్ళవాళ్ళు అదృష్టవంతులు. కాలువ వారన తుంగ, జమ్ము. అక్కడి నుంచి కాలువ నీళ్ళు అందని గట్టు మీదికి ఎక్కితే తంగేడు, రేగు, తుమ్మ. కొద్ది అడుగుల్లో రెండు లోకాలు! కాని కాలువ లోతైనది. దూరం నుంచి చూపించి, పిల్లల్ని గట్టువైపే నడిపించండి.

"మరి పాలకొండలకో, లంకమలకో, నల్లమలకో పోకూడదా?" అంటారేమో. పోవచ్చు, మీరు మరికాస్త పెద్దయ్యాక. అవి రిజర్వు అడవులు. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. కడప చుట్టుపక్కల కొండల్లో పెరిగే ఎర్రచందనం సహజంగా తూర్పుకనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదు. దాని చేవ నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు. దొంగతనంగా నరికేవాళ్ళ వల్ల ఆ అడవుల్లో కాపలా గట్టిగా ఉంటుంది. ఎర్రచందనం ఆకు ఎలా ఉంటుందో, రెక్కలున్న గుండ్రటి బిళ్ళలాంటి దాని కాయ ఎలా ఉంటుందో చూపించాలనుకుంటే, దగ్గరలో అటవీశాఖ నర్సరీ ఉందేమో మీ మాష్టారి ద్వారా కనుక్కోండి.

ఒకసారి కాదు, రెండుసార్లు

మామూలుగా బడి పర్యటనలు ఏడాదికి ఒకటి. మొక్కల కోసమైతే ఒకే చోటికి రెండుసార్లు పోవాలి. పర్యటన మొత్తంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే.

మొదటిసారి వానలు పడ్డాక, ఆగస్టు, డిసెంబరు నెలల మధ్య. అప్పుడు బీడు నిండా తుమ్మి, ఉత్తరేణి, పల్లేరు, రకరకాల గడ్డి. ఎక్కడి నుంచి వచ్చాయివన్నీ? ఎవరూ విత్తలేదు. నిరుటి గింజలు మట్టిలో నిద్రపోయి, చాలినంత తడి తగిలాక లేచాయి. కొన్ని మొక్కలు ఆ కొద్ది వారాల్లోనే మొలిచి, పూచి, గింజ రాల్చి చచ్చిపోతాయి. ఎండాకాలాన్ని అవి చూడనే చూడవు. గింజ రూపంలో దాటేస్తాయి.

రెండోసారి ఫిబ్రవరి చివరలోనో మార్చి మొదట్లోనో, తెల్లవారగానే. అప్పుడు అదే బీడు బోడిగా ఉంటుంది. వానాకాలపు మొక్కలు లేవు. కాని తుమ్మ ఉంది, వేప కొత్త చిగురు వేస్తోంది, మోదుగ ఉన్న చోట ఆకులు రాల్చేసి ఎర్రగా పూస్తోంది. నేలలో తడి లేని రోజుల్లో వేపకు చిగురెక్కడిది? ఈ ప్రశ్న చిన్నవాళ్ళే అడుగుతారు చూడండి. రెండు పర్యటనల మధ్య తేడా కళ్ళతో చూస్తే గాని ఆ ప్రశ్న పుట్టదు.

ముందు మీరు నడవండి

పర్యటనకు వారం ముందు మీరూ మీ మాష్టారూ ఆ దారిన ఒకసారి నడవాలి. ముందురోజు మళ్ళీ ఒకసారి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ పుట్టలున్నాయి, ఎవరి చేను అడ్డం వస్తుంది, ఎక్కడ ముళ్ళు రాలి ఉన్నాయి, అన్నీ రాసుకోండి. చేను యజమానిని అడగండి. ఆగవలసిన చోట్లు నాలుగుకు మించకూడదు. ఆ చోట రాయి మీద సున్నంతో గుర్తు పెట్టండి.

ముప్పైమంది పిల్లలుంటే ఆరుగురి చొప్పున అయిదు గుంపులు. గుంపుకు మీలో ఇద్దరు, ఒకరు ముందు, ఒకరు వెనక. ఉదయం ఏడుకు బయలుదేరి తొమ్మిదిన్నరకు బడికి చేరాలి. తలా ఒక సీసా నీళ్ళు, తలకు తువ్వాలో టోపీయో, కాళ్ళకు చెప్పులు. మధ్యలో తినడానికి బొరుగులు, బెల్లం చాలు.

మరొక పని. మీ ఊళ్ళో గొర్రెలో మేకలో కాసే పెద్దాయన ఒకరుంటారు. ఆయన్ని పిలవండి. "తాతా, మేక ఏది తింటుంది, ఏది ముట్టదు?" అని పిల్లల చేత అడిగించండి. సాధారణంగా మేకలు తంగేడును, జిల్లేడును వదిలేస్తాయి. అందుకే బీడులో అవే ఎక్కువ మిగిలాయన్న సంగతి పిల్లలకు తట్టకపోతుందా! మొక్కల పేర్లు కూడా ఆయనకు మనకంటే ఎక్కువ తెలుసు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఒక ఊళ్ళో ఒక మొక్కకున్న పేరు పక్క ఊళ్ళో ఇంకో మొక్కకు ఉండవచ్చు. పేరుతోపాటు ఆకు బొమ్మ కూడా గీసుకుంటే తరువాత తగాదా ఉండదు.

మొదటి మజిలీ: వేపకొమ్మకు సంచి

ఎండ తగిలే వేపకొమ్మ ఒకటి చూసి, ఆకులతో సహా దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి, మూతి దారంతో బిగించి కట్టండి. పక్కనే ఒక ఎండుపుల్లకు అలాంటి సంచే మరొకటి కట్టండి. తిరుగు ప్రయాణంలో వచ్చి చూడండి. వేపకొమ్మ సంచి లోపల నీటి బొట్లు పట్టి ఉంటాయి. ఎండుపుల్ల సంచిలో అలా ఉండవు. "చెట్టు చెమట పోస్తోంది!" అని చిన్నవాళ్ళు కేకలు వేస్తారు. మీరు దీన్ని బాష్పోత్సేకం అని చదువుకున్నారు. ఆ మాట వాళ్ళకు ఇప్పుడే వద్దు. ఆకు మీద కంటికి కనిపించని సన్నటి రంధ్రాలున్నాయని, గాలి లోపలికి తీసుకోవడానికి వాటిని తెరిచినప్పుడల్లా లోపలి నీరు బయటికి పోతుందని చెప్పండి చాలు. "నీళ్ళు లేని ఊళ్ళో చెట్టు ఏం చేయాలి మరి?" అని అడగండి. మిగిలిన మూడు మజిలీలు ఈ ప్రశ్నకు జవాబులే.

రెండో మజిలీ: ముల్లు, పాలు

తుమ్మ ఆకు తెంపకుండా చూపించండి. ఎన్ని చిన్న చిన్న ముక్కలు! ఆకు అంత చిన్నదైతే ఎండకు త్వరగా కాలదు. జిల్లేడు ఆకు పెద్దదే, కాని దాని మీద తెల్లటి పొడిలాంటి నూగు, మైనం పూత. చూడండి గాని చిదమకండి.

తరువాత నాగజెముడు. చూడటానికి ఆకులన్నీ ముళ్ళున్న అట్టల్లా ఉంటాయి. నిజానికి ఆ అట్టలు ఆకులు కావు, కాండమే. ఆకుల పని అదే చేస్తుంది, నీళ్ళు అదే దాచుకుంటుంది. దీనికి ఇంకో చమత్కారం తెలుసు. పగలంతా ఆ సన్న రంధ్రాలను మూసి ఉంచి, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు లోపలికి వచ్చిన కార్బన్ డై ఆక్సైడును ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లవారాక ఎండలో ఆహారం తయారుచేసుకుంటుంది. వంటకు కావలసిన సరుకు రాత్రే తెచ్చి పెట్టుకుని, పగలు తలుపులు మూసి వండుకునే ఇల్లాలన్నమాట.

పక్కనే బొమ్మజెముడు ఉంటే ఇంకా మంచిది. అదీ కండగల కాండమే, దానికీ ముళ్ళే. కాని ఈ రెండూ చుట్టాలు కావు. నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చింది. బొమ్మజెముడు మన నేలదే. మాష్టారు కర్రతో మెల్లగా గీస్తే బొమ్మజెముడుకు పాలు కారతాయి, నాగజెముడుకు కారవు. వేరు వేరు వంశాల మొక్కలు ఒకే కష్టంలో పడి ఒకే ఉపాయం పన్నాయి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. కాబట్టి ఈ పని పెద్దవాళ్ళే చేయాలి, పిల్లలు నాలుగడుగుల దూరాన నిలబడాలి.

ముళ్ళను కూడా పోల్చమనండి. రేగుకు జంటముళ్ళు. జంటలో ఒకటి తిన్నగా, ఒకటి వంకరగా ఉంటాయి. నా చెప్పులో దిగినవాళ్ళకే తెలుస్తుంది వంకరముల్లు ఎంత మొండిదో.

మూడో మజిలీ: సర్కారు తుమ్మ కథ

మన జిల్లాల్లో ఏ ఊరి చివర చూసినా కనిపించే కంప సర్కారు తుమ్మ. శాస్త్రజ్ఞులు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అంటారు. నల్లతుమ్మకూ దీనికీ తేడా చిన్నపిల్లలు కూడా పట్టగలరు. నల్లతుమ్మ పువ్వు పసుపుపచ్చని బంతి. సర్కారు తుమ్మ పువ్వు పొడుగాటి కంకి. నల్లతుమ్మ కాయ గింజ గింజకూ మధ్య నొక్కినట్టుండి పూసల దండలా ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ చిక్కుడులా సాగి, పండితే పసుపు రంగులోకి తిరుగుతుంది.

ఈ చెట్టు మన దేశంలో అడుగుపెట్టిన కథ కడప జిల్లాతో ముడిపడి ఉంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్, ఎండభూముల్లో వంటచెరకు కోసం ఈ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. ధాత కరువు మన ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న రోజులవి. విత్తనాలు వచ్చాయి. 1878 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం తోటల్లో వాటిని నాటారు. ఇప్పుడు దేశంలోని ఎండప్రాంతాల్లో అది లేని చోటు వెతకాలి!

చిత్రమేమిటంటే, ఈ బెడ్డోమ్ పేరే మరో మొక్కకు కూడా ఉంది. ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమి అనే ఆ మొక్క తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా లేదు. ఒకే మనిషి కోరికతో అన్నిచోట్లా అల్లుకున్న చెట్టు వచ్చింది, అతని పేరుతో ఎక్కడా దొరకని మొక్క మిగిలింది.

సర్కారు తుమ్మ ఇంత ఎలా పాకింది? తియ్యటి కాయలను పశువులు, మేకలు తింటాయి. గింజ అరగదు. పేడతోపాటు ఎరువు కూడా వేయించుకుని కొత్తచోట మొలుస్తుంది. వేరు చాలా లోతుకు పోతుంది. దీనికి దగ్గరి చుట్టమైన మెస్క్విట్ చెట్టు వేరు అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 50 మీటర్లకు పైగా లోతున కనిపించిందని శాస్త్రజ్ఞులు 1963లో ప్రకటించారు. మన ఊరి బావుల లోతుతో పోల్చి చూడండి. నరికినా మోటు నుంచి మళ్ళీ చిగురిస్తుంది.

దాని కింద ఏం పెరుగుతుందో పిల్లల చేతనే పరీక్ష చేయించండి. నాలుగు మీటర్ల తాడుకు మీటరుకొక ముడి వేసి, నలుగురు పిల్లలు నాలుగు మూలలా పట్టుకుంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చదరం అవుతుంది. దాన్ని సర్కారు తుమ్మ కింద పరిచి, లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టమనండి. తరువాత వేప కిందో, నల్లతుమ్మ కిందో అలాగే. మూడోసారి ఏ చెట్టూ లేని బీడులో. సర్కారు తుమ్మ దట్టంగా పెరిగిన చోట ఇతర మొక్కలు తగ్గిపోతాయని చాలాచోట్ల గమనించారు. మీ లెక్క అలాగే రావాలని లేదు. గొర్రెలు మేసిన చోట అన్ని చదరాలూ ఖాళీగా ఉండవచ్చు. వచ్చిన లెక్కే రాయించండి, రావలసిన లెక్క కాదు.

సర్కారు తుమ్మను దుష్టుడిగా చూపించి పిల్లల చేత రాళ్ళు వేయించకండి. ఆ కంపలతో ఎన్నో పొయ్యిలు వెలిగాయి. దాని బొగ్గు కాల్చి బతికిన కుటుంబాలున్నాయి. అది ఉండబట్టి ఎన్ని వేపలు, తుమ్మలు పొయ్యిలోకి పోకుండా మిగిలాయో!

నాలుగో మజిలీ: కలివిపొద

కలివి ముళ్ళపొద. పండితే నల్లటి చిన్న పండ్లు. ఊళ్ళో పిల్లలందరికీ రుచి తెలిసిందే. కాని దీని పేరు ప్రపంచమంతా పాకడానికి కారణం పండు కాదు, పక్షి.

కలివికోడి అనే పక్షి సంగతి శాస్త్రలోకానికి 1848లో తెలిసింది. 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతంలో మళ్ళీ దొరికింది. పట్టించింది పిట్టలు పట్టడంలో ఆరితేరిన స్థానికుడే. రాత్రిపూట తిరిగే ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. కలివి, రేగు, తుమ్మ పొదలు విడివిడిగా ఉండి, వాటి నడుమ ఖాళీ నేల ఉండాలి. అంటే, మూడో తరగతి పిల్లవాడు "కంపలు" అన్నాడే, సరిగ్గా అవే. వాటి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా తరువాత మార్చవలసి వచ్చింది.

ముట్టరానివి

ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజలు, ఆముదపు గింజలు, అడవి ఆముదం కాయలు నోట పెట్టుకోరాదు. అడవి ఆముదం గింజలు వేరుశెనగల్లా ఉన్నాయని తిని వాంతులతో ఆసుపత్రి పాలైన బడిపిల్లల వార్తలు మన దేశంలో ఎన్నోసార్లు వచ్చాయి. కాబట్టి రేగుపండైనా సరే, ఆ రోజు ఎవరూ ఏదీ తినకూడదన్నదే నియమం. దూలగొండి కాయలు, వయ్యారిభామ తాకరాదు. రాళ్ళు తిరగేయరాదు, తేళ్ళుంటాయి. పుట్టల దగ్గరికి పోరాదు. మందుల పెట్టె మాష్టారి దగ్గర, దగ్గరి ఆసుపత్రి ఫోను నెంబరు మీ అందరి దగ్గర ఉండాలి.

మేజోడు తోట

చివరిగా పిల్లలకు అన్నిటికంటే నచ్చే పని. వానల తరువాతి పర్యటనలో గుంపుకొకరు చెప్పు మీదుగా పాత నూలు మేజోడు ఒకటి తొడుక్కుని గడ్డిలో పది నిమిషాలు నడవాలి. బడికి వచ్చి విప్పి చూస్తే ఉత్తరేణి, రకరకాల గడ్డిగింజలు అంటుకుని ఉంటాయి. పల్లేరు కాయలు చెప్పు అడుగున గుచ్చుకుని ఉంటాయి. మొక్క కదలలేదు గాని, గింజ పిల్లవాడి కాలెక్కి బడికి వచ్చింది! ఆ మేజోడును అలాగే మట్టి తొట్టిలో పరిచి, పైన పలచగా మట్టి చల్లి, రోజూ కాస్త తడుపుతూ ఉండండి.

మొన్న మేం వేసిన తొట్టిలో నాలుగు రకాలు మొలిచాయి. మూడింటిని మేకల తాత గుర్తుపట్టాడు. నాలుగోదాన్ని ఆయనా పోల్చలేదు, నేనూ పోల్చలేదు. పిల్లలు రోజూ వంతులవారీగా నీళ్ళు పోస్తున్నారు. పువ్వు వచ్చేదాకా ఆగాలి.